ఇంటి బీరు ట్యాపులకు సొంత హ్యాండిళ్లు: పాత వస్తువులతో చేసుకోవాలంటే ఏమేం చూసుకోవాలి?

మూడు_ట్యాపులు అడిగిన ప్రశ్న:

ఇంట్లో తయారు చేసుకున్న బీరును సీసాలకు బదులు కెగ్గుల్లో (ఒత్తిడిని తట్టుకునే లోహపు పీపాల్లో) నింపి, మూడు ట్యాపుల టవరు ద్వారా గ్లాసుల్లోకి పట్టుకునే ఏర్పాటును ఈమధ్యే పూర్తి చేశాను. చల్లదనం, గ్యాసు ఒత్తిడి, గొట్టాల పొడవు అన్నీ కుదిరాయి; గ్లాసులో నురగ కూడా ఎంత ఉండాలో అంతే వస్తోంది. ఇక మిగిలినవి హ్యాండిళ్లే. ట్యాపులతో పాటు వచ్చిన నల్లటి ప్లాస్టిక్ పిడులు పని చేస్తాయి గాని, మూడూ ఒకేలా ఉండడం వల్ల ఏ ట్యాపులో ఏ బీరు ఉందో వచ్చినవారికి ప్రతిసారీ చెప్పవలసి వస్తోంది. పైగా, నెలల తరబడి శ్రద్ధ పెట్టి చేసుకున్న ఏర్పాటుకు అవి తగినట్టు నాకు అనిపించడం లేదు.

అమ్మకానికి దొరికే హ్యాండిళ్లను చాలా చూశాను. వాటిలో అందమైనవి ఉన్నాయి. అయితే అవి ఏదో ఒక బ్రూవరీ పేరును మోసేవి, లేకపోతే ఎవరి ఇంట్లోనైనా కనిపించగలిగేవి. నాకు మాత్రం మరో ఇంట్లో కనిపించనివి కావాలి. నా దగ్గర రెండు పాత వస్తువులు ఉన్నాయి: విరిగిపోయిన ఒక పాత కుర్చీకి చెందిన, లేత్ మీద తిప్పి చేసిన కాలు ఒకటి, ఎప్పుడో తీసేసిన తలుపుకు ఉండిన గుండ్రటి ఇత్తడి పిడి మరొకటి. మూడోది ఇంకా ఊహలోనే ఉంది. హాప్స్ (బీరుకు చేదును ఇచ్చే పువ్వు) మొగ్గ ఆకారంలో ఒక హ్యాండిల్‌ను త్రీడీ ప్రింటరు మీద చేయించుకోవాలని ఉంది.

ట్యాపుల మధ్య దూరం, ఒకదాని నడిమి నుంచి మరొకదాని నడిమికి, 75 మిల్లీమీటర్లు. టవరు పైన గోడకు ఒక అర ఉంది. హ్యాండిల్ బిగించే చిన్న కడ్డీ, అంటే లీవరు మీద మర మొదలయ్యే చోటు నుంచి ఆ అర అడుగుకు 200 మిల్లీమీటర్ల ఖాళీ ఉంది. ఈ హద్దుల్లో హ్యాండిల్ ఎంత పొడవు, ఎంత బరువు ఉండవచ్చు? చెక్కకూ ఇత్తడికీ ట్యాపు లీవరు పట్టేలా మర ఎలా అమర్చాలి? పూర్తిగా బిగించాక హ్యాండిల్ ముఖం పక్కకు తిరిగిపోకుండా సరిగ్గా ముందుకే ఉండాలంటే ఏం చేయాలి? పని తెలిసినవారు వివరంగా చెబితే ఎంతో సంతోషిస్తాను.

చెక్కపని_అభిరుచి ఇచ్చిన సమాధానం:

మీ కుర్చీ కాలు మంచి హ్యాండిల్ అవుతుంది. దాన్ని కోసే ముందు తేల్చుకోవలసిన విషయం ఒకటి ఉంది, అది మర కొలత. అమెరికా పద్ధతిలో తయారయ్యే బీరు ఫాసెట్లలో, అంటే ట్యాపుల్లో అత్యధికం 3/8 అంగుళాల వ్యాసంతో, అంగుళానికి 16 చుట్లతో ఉండే యూఎన్‌సీ అనే అంగుళాల కొలత మరను వాడతాయి. ఇంటి ఏర్పాట్ల కోసం దొరికే ఫాసెట్లు ఎక్కువగా ఈ కోవలోవే. యూరప్ పద్ధతి ట్యాపుల్లో మాత్రం మెట్రిక్ మరలు కనిపిస్తాయి, వాటిలోనూ అన్నీ ఒకే కొలతవి కావు. కాబట్టి ఇప్పుడున్న ప్లాస్టిక్ పిడిని విప్పి, దాన్ని దుకాణానికి తీసుకెళ్లి ఒక 3/8 బోల్టు అందులో చివరిదాకా చేతితోనే సాఫీగా తిరుగుతుందో లేదో చూడండి. ఇక్కడ జాగ్రత్త అవసరం, ఎందుకంటే 3/8 అంగుళం అంటే 9.525 మిల్లీమీటర్లు, 10 మిల్లీమీటర్ల మెట్రిక్ మర అయిన ఎం10కు అది చాలా దగ్గర. అయితే అంగుళానికి 16 చుట్లంటే ఒక్కో చుట్టుకు 1.5875 మిల్లీమీటర్లు, సాధారణ ఎం10 మరకు 1.5 మిల్లీమీటర్లు. ఎం10 నట్టును ఆ లీవరుకు ఎక్కిస్తే మొదట వదులుగా తిరిగి, ఆరు చుట్లు వచ్చేసరికి రెండింటి మధ్య అర మిల్లీమీటరు తేడా పేరుకుని పట్టేస్తుంది. దాన్ని బలవంతంగా తిప్పితే చెడేది లీవరు మీది మర, అంటే ట్యాపుకు చెందిన భాగం.

మర తేలాక బరువు, పొడవుల సంగతి చూద్దాం. ట్యాపు హ్యాండిల్‌ను చాలామంది అలంకారంగా చూస్తారు, కానీ అది నిజానికి ఒక మీట. మూసి ఉన్నప్పుడు దాదాపు నిటారుగా, కొద్దిగా వెనక్కి వాలి ఉంటుంది. ముందుకు లాగితే తెరుచుకుంటుంది. హ్యాండిల్ గరిమనాభి కీలు కన్నా ముందుకు వచ్చేలా బరువు పైకొసన, ముఖం వైపున పేరుకుంటే, చేయి తగలకపోయినా ట్యాపు తనంతట తాను తెరుచుకునే అవకాశం ఉంది. కెగ్గు మొత్తం నేలపాలవడానికి అది చాలు. అందుకే బరువైన భాగం ఎప్పుడూ కిందనే ఉండాలి, పైభాగం తేలికగా ఉండాలి, బొమ్మ ఏదైనా అతికిస్తే అది వెనక్కి జరిగి ఉండాలి. ఎంత బరువు వరకు ఆగుతుందన్నది లీవరు దగ్గరి వాషర్ల బిగువును బట్టి మారుతుంది కాబట్టి అందరికీ సరిపోయే అంకె చెప్పలేం. పరీక్ష మాత్రం సులువు. అంతే పొడవున్న కర్రముక్కను లీవరుకు తాత్కాలికంగా బిగించి, మీరు అనుకున్న బరువును అనుకున్న ఎత్తులో కట్టి, కెగ్గు కలపకుండా ఒక రాత్రంతా ఉంచండి. మధ్యమధ్యలో బల్లను కొద్దిగా కదపండి. మర్నాటికి లీవరు ఏమాత్రం కదలకపోతే నిశ్చింతగా ముందుకు సాగవచ్చు.

పొడవు ఎక్కువైన కొద్దీ చేతి బలం కూడా అన్ని రెట్లు అవుతుందని మరవకండి. పొడవాటి హ్యాండిల్ పైకొసను పట్టుకుని లాగితే ఆ వంపు బలమంతా లీవరు మీదా, ట్యాపును టవరుకు పట్టి ఉంచే షాంకు మీదా పడుతుంది. బీరు పోసేటప్పుడు హ్యాండిల్‌ను అడుగున, లీవరుకు దగ్గరగా పట్టుకుని, ఒక్కసారిగా పూర్తిగా తెరవడమే సరైన పద్ధతి. సగం తెరిస్తే ఇరుకు సందులోంచి బీరు వేగంగా దూసుకువచ్చి నురగే మిగులుతుంది. కాబట్టి వేళ్లు పట్టే అడుగుభాగాన్ని 30 మిల్లీమీటర్ల మందంలో, నునుపుగా ఉంచి, వెడల్పు ఏదైనా కావాలంటే పైన ఇవ్వండి. మీ 75 మిల్లీమీటర్ల ఎడంలో పైభాగం 55 మిల్లీమీటర్లు దాటితే పక్క హ్యాండిల్‌తో వేళ్లు ఇరుక్కుంటాయి. ఇక ఎత్తు విషయానికి వస్తే, వెనక్కి వాలి ఉన్న హ్యాండిల్ ముందుకు వచ్చే దారిలో నిటారు స్థానాన్ని దాటుతుంది, ఆ క్షణంలోనే దాని కొస అన్నిటికన్నా ఎత్తులో ఉంటుంది. 200 మిల్లీమీటర్ల ఖాళీకి 165 లేదా 170 మిల్లీమీటర్ల పొడవు దగ్గర ఆగడం మంచిది.

ఇప్పుడు కుర్చీ కాలు. ముందుగా పురుగు తొలిచిన రంధ్రాలు, నిలువు చీలికలు ఉన్నాయేమో చూడండి. అడుగున 40 మిల్లీమీటర్ల మేర ఆరోగ్యమైన చెక్క ఉండడం తప్పనిసరి. కాలి కొసలో రంధ్రం చేయడమంటే నార పోయే దిశలోనే డ్రిల్లు దిగడం, అటువంటప్పుడు బిట్టు మెత్తటి నార వైపు జారి వంకరగా పోతుంది. నడిమిని గుర్తించి, మొన ఉన్న బిట్టుతో సన్నటి రంధ్రం వేసి, తర్వాతే పెద్ద బిట్టు వాడండి. కాలు గుండ్రంగా, కొసకు సన్నబడుతూ ఉంటుంది కాబట్టి వైస్‌లో నేరుగా బిగిస్తే వంగి నిలుస్తుంది. దాని ఆకారానికి తగినట్టు గాడి తీసిన రెండు చెక్కముక్కల మధ్య పెట్టి, నిలువు తప్పలేదని రెండు పక్కల నుంచీ మట్టంతో చూసుకున్నాకే డ్రిల్లు ఆడించండి. రంధ్రం వంకరైతే హ్యాండిల్ లీవరు మీద పక్కకు ఒరిగి కనిపిస్తుంది, దాన్ని ఆ తర్వాత దిద్దడం చాలా కష్టం.

చెక్కలోనే నేరుగా మర కోయవచ్చు. గట్టి చెక్కలో 5/16 అంగుళాల రంధ్రం చేసి 3/8-16 మర కోసే పనిముట్టును తిప్పితే చక్కటి మర వస్తుంది. అయినా దాన్ని నేను సిఫారసు చేయను. ట్యాపును శుభ్రం చేసిన ప్రతిసారీ హ్యాండిల్ విప్పి బిగించాలి, అలా విప్పుతూ ఉంటే చెక్క మర అరిగి వదులైపోతుంది. లోపల మర ఉన్న ఇత్తడి గొట్టాన్ని, అంటే ఇన్సర్టును, ఎపాక్సీ జిగురుతో దించడం మేలు. రంధ్రం కొలతను ఆ ఇన్సర్టు అమ్మినవారు చెప్పినదాన్నే పాటించి, ముందు అదే జాతి పారేసే ముక్క మీద పరీక్షించండి. నార దిశలో దించిన మరకు పట్టు తక్కువ కాబట్టి జిగురు లేకుండా వదలవద్దు. ఇంకా బలమైన మార్గం ఒకటుంది. ఒక వైపు చెక్క మర, మరో వైపు యంత్రపు మర ఉండే హ్యాంగర్ బోల్టును చెక్కలోకి లోతుగా దించి, దానికి లోహపు పొన్నును బిగించడం. హ్యాండిళ్ల కోసమే అమ్మే పొన్నులకు కింద ట్యాపుకు తగిన 3/8-16 మర, పైన సాధారణంగా 5/16-18 మర ఉంటాయి. రోకలి కొస చీలకుండా పొన్ను ఎలా కాపాడుతుందో, ఇక్కడా అది చెక్క అడుగును అలాగే పట్టి ఉంచుతుంది.

ముఖం ముందుకే ఉండాలన్న మీ చివరి ప్రశ్న కూడా ఈ పొన్నుతోనే తీరుతుంది. పొన్నును లీవరుకు గట్టిగా బిగించాక, పైన ఉన్న హ్యాండిల్‌ను ముఖం ముందుకు వచ్చేదాకా తిప్పి, మధ్యలో ఉండే పలుచటి నట్టుతో అక్కడే ఆపేయవచ్చు. ఇన్సర్టు మాత్రమే ఉన్న హ్యాండిల్‌కు వేరే ఉపాయం ఉంది. లీవరు మీద హ్యాండిల్ ఆనే చోట పలుచటి వాషర్లు వేయండి. చుట్టుకు 1.5875 మిల్లీమీటర్లు కాబట్టి 0.4 మిల్లీమీటర్ల మందం ఉన్న వాషరు ఒకటి వేస్తే హ్యాండిల్ దాదాపు పావు చుట్టు ముందుగానే ఆగుతుంది. ఈ లెక్కతో ఏ దిక్కుకైనా తేవచ్చు. లీవరు మరకు మాత్రం ఎన్నడూ జిగురు పూయకండి.

పై పూత విషయంలో నాకు ఇష్టమైనది నూనె పూత, చేతికి చెక్క తగిలినట్టే ఉంటుంది. కానీ తడి చేతులు, ఒలికిన బీరు రోజూ తగిలే చోట పాలీయురేథేన్ పలుచగా మూడు పూతలు ఎక్కువకాలం నిలుస్తుంది; ఒక్కో పూత ఆరాక సన్నటి గరుకు కాగితంతో తేలికగా రుద్దండి. అవిసె నూనె లాంటి ఆరే నూనెలు వాడితే, తుడిచిన గుడ్డలను ఉండచుట్టి పడేయవద్దు. ఆరే క్రమంలో వాటిలో వేడి పుట్టి తమంతట తామే అంటుకోగలవు. నీళ్లలో ముంచి గాని, ఆరుబయట విడివిడిగా పరచి ఆరనిచ్చి గాని పారేయాలి. కాలు టేకుదైతే జిగురు పెట్టే ముందు ఆ రంధ్రాన్ని అసిటోన్‌తో తుడవండి, టేకులో సహజంగా ఉండే నూనె ఎపాక్సీని సరిగా పట్టనివ్వదు.

పాతవస్తువుల_పెట్టె ఇచ్చిన సమాధానం:

పైన మర గురించీ బరువు గురించీ చెప్పినదంతా చదివాక మీ ఇత్తడి పిడి మీద నాకు ఒక సందేహం, ఒక ఆశ కూడా కలిగాయి. అది గట్టి ఇత్తడా, బోలుదా అన్నది మొదట తేల్చండి. 50 మిల్లీమీటర్ల వ్యాసం గల గట్టి ఇత్తడి గుండు అర కిలో పైనే తూగుతుంది, అదే కొలత చెక్క గుండు 50 గ్రాముల చుట్టుపక్కల ఉంటుంది. తలుపు పిడుల్లో చాలావరకు లోపల బోలుగా ఉంటాయి కాబట్టి మీది తేలికదే కావచ్చు. ఒక అయస్కాంతం కూడా పెట్టి చూడండి. అంటుకుంటే అది ఇత్తడి పూత పూసిన ఇనుము, అప్పుడు గీకి మెరుగు పెడితే పూత పోతుంది.

తలుపు పిడి అడుగున పలకల కడ్డీ దిగే చతురస్రపు రంధ్రం ఉంటుంది. దాన్ని గుండ్రంగా తొలిచే శ్రమ అక్కర్లేదు. పొడవాటి ఆరు పలకల జోడింపు నట్టు, 3/8-16 మరది, ఆ మెడలో పడితే చాలు. పట్టకపోతే ఇత్తడి ఇన్సర్టు. లోపలి జిడ్డును పూర్తిగా తుడిచి, గోడలను గరుకు కాగితంతో గీరి, లోహానికి తగిన ఎపాక్సీ నింపండి. నట్టు నిటారుగా గట్టిపడాలంటే, మైనం పూసిన పొడవాటి బోల్టును నట్టులో బిగించి, ఆ బోల్టును నిలువుగా పట్టి ఉంచుతూ జిగురు ఆరనివ్వండి. మైనం వల్ల బోల్టుకు జిగురు అంటదు, పని అయ్యాక తిప్పితే వచ్చేస్తుంది. ఇత్తడి నల్లబడడం మీకు ఇష్టం లేకపోతే మెరుగు పెట్టిన వెంటనే లోహపు లక్క పూత వేయండి. నన్ను అడిగితే ఆ నల్లదనాన్ని ఉంచేయమంటాను. రోజూ చేయి తగిలే చోట దానంతట అదే మెరుస్తుంది, తగలని గాడుల్లో ముదురుగా మిగులుతుంది, అది ఏ పూతతోనూ రాని అందం.

గుండ్రటి పొట్టి పిడి అనగానే ట్యాపు హ్యాండిళ్ల చరిత్ర గుర్తుకు వస్తుంది. అమెరికాలో 1920లో మొదలైన మద్యనిషేధం 1933లో ముగిశాక, ట్యాపులో ఉన్న బీరు ఏదో తాగేవారికి తెలిసేలా పేరు చూపించవలసిన అవసరం వచ్చింది, కొన్ని రాష్ట్రాలు దాన్ని చట్టంగానే పెట్టాయి. ఆ కాలపు హ్యాండిళ్లు ఇప్పటిలా బారెడు బొమ్మలు కావు. బేకలైట్ అనే పాతకాలపు గట్టి ప్లాస్టిక్కు లేదా లోహపు గుండు, దాని ముఖాన బ్రూవరీ పేరున్న గుండ్రటి ఎనామెల్ బిళ్ల. సేకరించేవారు వాటిని బాల్ నాబ్ అంటారు. మీకు పైన అర అడ్డం ఉంది, ట్యాపులు దగ్గరగా ఉన్నాయి, చేతిలో గుండ్రటి ఇత్తడి పిడి ఉంది. ఈ మూడింటికీ ఆ పాత ఆకారమే అతికినట్టు సరిపోతుంది. పిడి ముందు భాగం చదునుగా ఉంటే మీ బీరు పేరుతో ఒక బిళ్ల చేయించి అక్కడ అమర్చుకోవచ్చు.

మూడో హ్యాండిల్ కోసం మరికొన్ని వస్తువులు కూడా పరిశీలించండి. కారు గేరు మార్చే పిడి నాకు చాలా ఇష్టమైనది, ఎందుకంటే అది పుట్టుకతోనే చేతిలో ఇమిడే మీట. పాత అమెరికా కార్లకు అమ్మిన పిడుల్లో కొన్నింటికి సరిగ్గా 3/8-16 మరే ఉంటుంది, వాటిని ఏ మార్పూ లేకుండా ట్యాపుకు ఎక్కించవచ్చు. మెట్రిక్ మరవి అయితే ఇన్సర్టు మార్చాలి. ఉలి పిడి, అరిగిపోయిన రంపపు పిడి, క్రికెట్ బ్యాటు పిడి, విరిగిన హాకీ కర్ర ముక్క, మెట్ల కటకటాల్లో వాడే తిప్పిన కొయ్య, చదరంగంలో పెద్ద సైజు రాజు పావు, ఇవన్నీ హ్యాండిళ్లుగా మారినవే. వస్తువును ఎంచుకునేటప్పుడు అది చూడడానికి ఎలా ఉందన్నదానితో పాటు, దాన్ని ఇదివరకు మనిషి చేయి పట్టుకుందా అన్నది కూడా చూడండి. పట్టుకోవడానికి చేసిన వస్తువు ట్యాపు మీద ఎప్పుడూ ఎబ్బెట్టుగా ఉండదు. చూడడానికే చేసిన బొమ్మల్లో చాలావరకు వేళ్లకు గుచ్చుకుంటాయి, గ్లాసు పట్టుకున్న చేతికి అడ్డం వస్తాయి.

ఒక హెచ్చరిక. పాత వస్తువు మీద రంగు ఉంటే దాన్ని పొడిగా రుద్దకండి. పూర్వపు రంగుల్లో సీసం వాడేవారు; అమెరికాలో ఇళ్ల రంగుల్లో దాన్ని నిషేధించినది 1978లో మాత్రమే. సీసాన్ని పరీక్షించే పట్టీలు దొరుకుతాయి. సీసం ఉందని తేలితే ఆ వస్తువును వదిలేయడమే ఉత్తమం, రోజూ చేతితో పట్టుకుని, అదే చేతితో తినేది తినే చోట దానికి స్థానం లేదు.

పొరలు_పొరలుగా ఇచ్చిన సమాధానం:

హాప్స్ మొగ్గ ఆలోచన బాగుంది, త్రీడీ ప్రింటింగుకు అది తగిన ఆకారం కూడా, ఎందుకంటే పొరలు పొరలుగా ఉండే రేకుల మధ్య ముద్రణ గీతలు కలిసిపోతాయి. అయితే ముద్రించిన వస్తువు పొరల మధ్య సులువుగా విడిపోతుంది. హ్యాండిల్‌ను నిలబెట్టి ముద్రిస్తే పొరలు అడ్డంగా వస్తాయి, ట్యాపు లాగినప్పుడు పడే వంపు బలం కూడా ఆ అతుకుల మీదే పడుతుంది, కొద్ది నెలల్లో మెడ దగ్గర పుటుక్కుమంటుంది. దీనికి రెండు మార్గాలు ఉన్నాయి. పడుకోబెట్టి ముద్రించడం ఒకటి, అలా చేస్తే పొరలు నిలువునా సాగుతాయి గాని వెనుక వైపు, ముద్రించేటప్పుడు ఆసరాగా వేసే ఆధారాల మచ్చలు మిగులుతాయి. రెండోది నేను ఎప్పుడూ ఎంచుకునేది: మోడలు నడిమిలో పైదాకా ఒక సొరంగం వదిలి, ముద్రించాక అందులో ఉక్కు మర కడ్డీని ఎపాక్సీతో దించడం. అప్పుడు బలం మోసేది కడ్డీ, ప్లాస్టిక్కు దాని మీద తొడుగు మాత్రమే. కడ్డీ అడుగుకొసకు జోడింపు నట్టు బిగించి, ఆ నట్టు ఆరు పలకలు కూర్చునే గూడును మోడల్లోనే గీస్తే హ్యాండిల్ తిరగకుండా పట్టి ఉంటుంది. నట్టులో సగం కడ్డీకి, మిగిలిన సగం ట్యాపు లీవరుకు.

గూడు కొలతను నట్టు కన్నా పక్కకు 0.2 మిల్లీమీటర్లు ఎక్కువ ఇచ్చి, మొత్తం హ్యాండిల్ ముద్రించే ముందు ఆ గూడు ఉన్న 15 మిల్లీమీటర్ల ముక్కను మాత్రమే విడిగా ముద్రించి సరిచూసుకోండి. ప్రింటరుకు ప్రింటరుకు ఈ తేడా మారుతుంది. లోపలి నింపుడు శాతం పెంచడం కన్నా బయటి గోడల సంఖ్య పెంచడం వల్ల బలం ఎక్కువ వస్తుంది, బరువు అంతగా పెరగదు. పదార్థం విషయంలో, నీడలో ఉండే ఏర్పాటుకు పీఎల్ఏ అనే ప్లాస్టిక్కు చాలు. కానీ అది 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర మెత్తబడుతుంది, ఎండ పడే కిటికీ పక్కనో మూసిన కారులోనో వంగిపోగలదు. పీఈటీజీ అనే మరో ప్లాస్టిక్కు సుమారు 80 డిగ్రీల దాకా ఆగుతుంది, తడిని కూడా బాగా తట్టుకుంటుంది, కాబట్టి దాన్నే సూచిస్తాను. ముద్రణ గీతల సందుల్లో ఎండిన బీరు పేరుకుంటే జిగటగా మారి వాసన వస్తుంది; ప్రైమరు వేసి, రుద్ది, రంగు వేసి, పైన పారదర్శక పూత వేస్తే తడిగుడ్డతో తుడిస్తే సరిపోతుంది.

అదే ఆకారం మూడు నాలుగు కావాలంటే, నునుపు చేసిన మొదటి హ్యాండిల్‌కు సిలికాన్ అచ్చు తీసి, ఎపాక్సీ రెజిన్ (రెండు భాగాలు కలిపితే గట్టిపడే ద్రవం) పోసుకోవచ్చు. రెజిన్‌లో నిజమైన ఎండు హాప్స్ మొగ్గలు, మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ గింజలు పొదిగితే చూడముచ్చటగా ఉంటుంది. వాటిని పూర్తిగా ఎండబెట్టి, పలుచటి రెజిన్‌తో ముందే ఒక పూత పూసి ఆరనివ్వండి. లేకపోతే వాటిలోని గాలి బుడగలుగా బయటికి వచ్చి అంతా మబ్బుగా అవుతుంది. మందంగా ఒక్కసారే పోస్తే ఎపాక్సీ గట్టిపడేటప్పుడు పుట్టే వేడి లోపలే చిక్కుకుని పగుళ్లు రావచ్చు, అందుకే సీసా మీద రాసిన మందాన్ని దాటకుండా విడతలుగా పోయాలి. రెండు భాగాల పాళ్లు బరువు లెక్కనో, పరిమాణం లెక్కనో సీసా మీదే ఉంటుంది. ఆ రెండింటినీ కలగాపులగం చేస్తే ఎన్నటికీ గట్టిపడని ముద్ద మిగులుతుంది. చేతి తొడుగులు, గాలి ఆడే గది, తగిన మాస్కు తప్పనిసరి.

మూడు_ట్యాపులు రాసిన స్పందన:

ఇంత ఓపికగా రాసినందుకు ముగ్గురికీ కృతజ్ఞతలు. లీవరు మర 3/8-16 అని తేలింది, బోల్టు చివరిదాకా సాఫీగా దిగింది. ఇత్తడి పిడికి అయస్కాంతం అంటుకోలేదు, తూచి చూస్తే 190 గ్రాములు వచ్చింది, అంటే బోలుదే. కుర్చీ కాలిని పొన్నుతోనే చేస్తాను, హాప్స్ మొగ్గను ఉక్కు కడ్డీతో.

ఇంకా రెండు సందేహాలు మిగిలాయి. నా ట్యాపుల్లో బీరు నెలకో రెండు నెలలకో మారుతుంది, హ్యాండిల్ మీద పేరు చెక్కిస్తే అది కొద్ది రోజుల్లోనే అబద్ధమవుతుంది. పేరును మార్చుకునే వీలు ఎలా కల్పించాలి? మరొకటి, లీవరు దానంతట అదే మూసుకునేలా చేసే స్ప్రింగులు దొరుకుతాయని చదివాను. బరువైన హ్యాండిల్‌కు అది వేస్తే నిశ్చింతగా ఉండవచ్చా?

చెక్కపని_అభిరుచి ఇచ్చిన సమాధానం:

స్ప్రింగు సంగతి ముందు చెబుతాను. దాన్ని లీవరు చుట్టూ అమరుస్తారు, చేయి వదిలితే ట్యాపును మూసేస్తుంది. పిల్లలు తిరిగే ఇంట్లోనూ, ఎక్కువమంది అతిథులు తామే పోసుకునే చోటా అది మంచి రక్షణ. అయితే మీ ఫాసెట్ నమూనాకు తగినదే కొనాలి, ఒకదాని స్ప్రింగు మరొకదానికి పట్టదు. గ్లాసు నిండేదాకా హ్యాండిల్‌ను పట్టుకునే ఉండాలి కాబట్టి పెద్ద కూజాలు నింపేటప్పుడు చేతికి కొంత శ్రమ. అన్నిటికన్నా ముఖ్యంగా, బరువు పైన పెట్టి చేసిన హ్యాండిల్‌ను స్ప్రింగు నమ్మి బిగించకండి. ముందు స్ప్రింగు లేకుండానే కదలకుండా నిలిచేలా హ్యాండిల్‌ను చేసి, తర్వాత అదనపు జాగ్రత్తగా స్ప్రింగు వేయండి.

పేరు మార్చుకోవడానికి బ్రిటన్ పబ్బుల్లో ఉన్న పద్ధతిని చూడండి. అక్కడ పీపాల్లోని ఏల్ అనే రకం బీరును చేతి పంపుతో తోడతారు. పంపుల పిడులన్నీ ఒకేలా ఉంటాయి, ఏ బీరో చెప్పేది పిడి ముందు తగిలించిన పంప్ క్లిప్ అనే బిళ్ల. పీపా మారితే బిళ్ల మారుతుంది, పిడి అలాగే ఉంటుంది. మీకూ ఇదే సరిపోతుంది. కుర్చీ కాలి మీద చదునైన చోటు ఒకటి తీసి, అందులో రెండు చిన్న నియోడిమియం అయస్కాంతాలను ఉపరితలానికి కొంచెం లోపలగా ఎపాక్సీతో పొదగండి. పలుచటి ఇనుప రేకు మీద పేరు రాసి అతికిస్తే అది అక్కడ నిలుస్తుంది. ఒకే అయస్కాంతం పెడితే రేకు గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది, అందుకే రెండు కావాలి. ఆ రేకుకు నల్లబల్ల రంగు వేసి సుద్దతో రాయడం చాలామంది చేస్తారు. చూడడానికి బాగుంటుంది, కానీ తడి వేళ్లు తగలగానే చెరిగిపోతుంది కాబట్టి మైనపు పెన్సిలు గాని, చెరిపే వీలున్న సుద్ద మార్కరు గాని వాడండి.

బిళ్లను ఎక్కడ పెట్టాలన్నది కూడా ముఖ్యమే. పోసే చేయి అడుగున పట్టుకుంటుంది కాబట్టి అక్కడ సుమారు 60 మిల్లీమీటర్ల మేర వదిలేసి, దానికి వెంటనే పైన పెట్టండి. ఇంకా పైకి పోతే బరువు కొసకు చేరుతుంది. ఇత్తడి గుండుకు అయస్కాంతం పనికిరాదు, దాని మెడకు సన్నటి తోలు పట్టీతో చిన్న బిళ్ల వేలాడదీయండి, తడిస్తే మార్చుకోవచ్చు. హాప్స్ మొగ్గకు మాత్రం అసలు బిళ్లే పెట్టవద్దని నా సలహా. హాప్స్ ఎక్కువగా వేసి చేసిన బీరును ఎప్పుడూ ఆ ట్యాపుకే కేటాయిస్తే, దానికి వేరే పేరు అవసరం ఉండదు.

పూత వేసే ముందు మూడింటినీ ఒకసారి ట్యాపులకు బిగించి, మధ్యదాన్ని పూర్తిగా తెరిచి, పక్కవాటి మధ్య వేళ్లు స్వేచ్ఛగా తిరుగుతున్నాయో లేదో చూసుకోండి. తగ్గించాలంటే అప్పుడే తగ్గించాలి, పూత పడ్డాక చెక్కను మళ్లీ గీరితే మొదటి నుంచీ రుద్దుకు రావలసి ఉంటుంది.